కురచ చేతుల కోటు

సెప్టెంబరు 3

వదినకు,

నీ నడుం నొప్పి తగ్గిందనీ, తగ్గకపోయినా మిషను ముందు నుంచి లేవడం లేదనీ తెలిసే ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. ఫోను చేసేదాన్నే. కానీ నా మాట నీ చెవిలో సగమే పడుతుంది, మిగతా సగం నువ్వు కల్పించుకుంటావు. కిందటిసారి నేను మేడ ఖాళీ అయిందంటే మెడ పట్టేసిందని విని నూనె సీసా పంపావు. మా ఆయన దాన్ని సైకిలు చైనుకు వాడుతున్నారు.

సంగతేమిటంటే, మా ఊరి మ్యూజియంలో సైనికుల కోసం కొత్తగా ఒక గది సర్దుతున్నారు. బళ్ళో చరిత్ర చెప్పి రిటైరయినదాన్ని కదా, నన్నూ సాయానికి పిలిచారు. అక్కడ బట్టల మేడమ్ అని ఒకావిడ ఉంది. పాతబట్టలు పాడవకుండా చూడటమే ఆవిడ ఉద్యోగం. మా అన్నయ్య సంగతి చెప్పాను. మంచుకొండ మీద కాపలా కాయడం, కాలు విరగడం, ఆ పెద్ద ఉన్నికోటు వేసుకుని ఇంటికి రావడం, అన్నీ. విని ఆవిడ ఒక గాజు బీరువా నిండా అన్నయ్య వస్తువులే పెడదామంది. ఆ మాట వినగానే నీకు రాయాలని కూర్చున్నాను, వదినా.

కాబట్టి నీ ట్రంకుపెట్టె ఒకసారి తెరువు. కోటు ఉతక్కు, ఇస్త్రీ చెయ్యకు. కలరా ఉండలు బట్టకు తగలనివ్వకు. పతకాలు తోమకు. పార్సిల్లో తెల్ల కాగితాలు పంపుతున్నాను, పాతబట్టల కోసమే తయారుచేసినవి, మడతల మధ్య పెట్టు. ముట్టుకునేటప్పుడు చేతులకి తొడుగులు వేసుకో. కాలరు లోపల ఒక నంబరు అచ్చువేసి ఉంటుంది. సైన్యంలో మనిషికో నంబరు. అది నాకు రాసి పంపితే చాలు, మిగతాది నేను చూసుకుంటాను.

నీ చిట్టి

సెప్టెంబరు 12

చిట్టీ,

పార్సిలు అందింది. తెల్ల తొడుగులు చూసి పక్కింటావిడ, "ఆపరేషను ఎవరికండీ?" అని అడిగింది. నా మొగుడి కోటుకి అన్నాను. ఇంకేం అడగకుండా వెళ్ళిపోయింది.

పతకాలు తోమొద్దని ఇప్పుడా చెప్పడం? మీ అన్నయ్య పోయినప్పటి నుంచీ ఏటా తోముతూనే ఉన్నాను. నిమ్మచెక్క, మెత్తటి బూడిద. అద్దంలా ఉన్నాయి. బొట్టు కూడా దిద్దుకోవచ్చు.

పెట్టె తెరిచాను. టోపీ, బెల్టు, సొట్టపడ్డ నీళ్ళసీసా, పతకాలు, అన్నిటికంటే అడుగున కోటు. ఆ కోటు ఎత్తడానికే నాకు రెండు చేతులూ చాల్లేదు. పులుసులో ఊరినట్టు బరువు. ఇది చూసినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది ఒకటే, ఆ చేతులు. మీ అన్నయ్య పొడుగు నీకు తెలుసుగా. కోటు తొడుక్కుంటే మణికట్టు దాటి జానెడు చెయ్యి బయటే వేలాడేది. ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని మొగుణ్ణి అలా తిప్పుతున్నానంటే నలుగురూ ఏమనుకుంటారండీ అని ఎన్ని ఏళ్ళు పోరానో. అంచు మడత విప్పి కాస్త వదులుతానంటే, "ముట్టుకోకు" అనేవారు. కాపురం చేసినన్నాళ్ళూ నాతో అంత గట్టిగా అన్న మాట అదొక్కటే. పిసినారితనం అనుకునేదాన్ని. దారం ఖర్చవుతుందని కాబోలు.

నంబరు రేపు పగటి వెలుతురులో చూసి రాస్తాను. మ్యూజియం వాళ్ళు వస్తువులు తిరిగి ఇస్తారా, లేక అక్కడే ఉంచేసుకుంటారా? అది రాయలేదు నువ్వు.

వదిన

సెప్టెంబరు 19

వదినకు,

నిమ్మచెక్క సంగతి బట్టల మేడమ్‌తో అనకుండా ఉండాల్సింది. పాపం, కుర్చీ వెతుక్కుని కూర్చుంది. పతకం అంచు చుట్టూ సన్నటి అక్షరాలతో సైనికుడి పేరు, నంబరు చెక్కి ఉంటాయట. తోమితోమి అవి అరగదీసేశావా? భూతద్దం పెట్టి చూడు. ఇకమీదట వాటి జోలికి వెళ్ళకు తల్లీ, నీకు దణ్ణం పెడతాను.

గది డిసెంబరులో తెరుస్తారు. పేరు రాసిన పలక కూడా అచ్చుకి ఇచ్చేస్తున్నారు. 'మంచుకొండ మీద ధరించిన కోటు' అని, కింద అన్నయ్య పేరు. మా ఆయన అప్పుడే చుట్టాలందరికీ ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. కోటు మాకు వచ్చేస్తే నీకూ ఏటా ఎండబెట్టే బాధ తప్పుతుంది. పురుగు పట్టదు, చెమ్మ తగలదు. చెక్కుచెదరకుండా ఉంటుంది.

నంబరు రాయలేదు నువ్వు.

చిట్టి

సెప్టెంబరు 30

చిట్టీ,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం.

'మాకు' అంటే ఎవరికి?

కోటు గురించి కొన్నాళ్ళు నన్ను అడక్కు. కుట్టుపని చాలా ఉంది.

వదిన

అక్టోబరు 6

వదినా,

నీ ఉత్తరం రెండువైపులా తిప్పి చూశాను, ఇంకేమైనా రాశావేమోనని. నా పెళ్ళినాటి నుంచి ఇప్పటిదాకా నువ్వు నాకు ఇంత చిన్న ఉత్తరం రాయలేదు.

'మాకు' అని రాయడం నాదే తప్పు. మ్యూజియానికి అని నా ఉద్దేశం. మా పుట్టింటి సొమ్మన్నట్టు నీకు వినపడి ఉంటుంది. ఆయన నాకు అన్నయ్య అయితే కావచ్చు గాని, సెలవుల్లో వస్తాడని గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నదానివి నువ్వు. కోటు నీది. ఇవ్వాలని లేకపోతే ఇవ్వకు. బీరువాలో ఇంకెవరి కోటో పెట్టుకుంటారు.

కానీ నిన్న మీ పక్కింటావిడ ఫోను చేసి, పాతబట్టలు కొనేవాడు ఏ రోజు వస్తాడని నువ్వు అడిగావని చెప్పింది. అప్పటినుంచి అన్నం సయించడం లేదు. నా మీద కోపం ఉంటే నన్ను తిట్టు. ఆ కోటు మాత్రం బట్టల మూటలో వెయ్యకు.

చిట్టి

అక్టోబరు 14

చిట్టీ,

బట్టలవాణ్ణి అడిగింది నా మిషను కింద పేరుకున్న పీలికల కోసం. పక్కింటావిడకి సగం విని మొత్తం చెప్పే గుణం ఉంది. చెవులు బాగా వినపడేవాళ్ళకి కూడా ఆ జబ్బు ఉంటుందన్నమాట. నువ్వు అన్నం తిను.

నీ 'మాకు' వల్ల కోపం రాలేదు. వచ్చింది గాని, అది ఒక పూట కోపం. అసలు సంగతి రాయడానికి సిగ్గేసి ఊరుకున్నాను. ఈ వయసులో ఇదేం బుద్ధి అని నవ్వుతావు. నవ్వినా పరవాలేదు. ఎవరికో ఒకరికి చెప్పకపోతే నా వల్ల కాదు.

నంబరు చూద్దామని కోటు తిరగేశాను. ఆయన పోయాక ఏటా ఎండకు పైపైన పరవడమే గాని, లోపలి అస్తరు ఎప్పుడూ తిప్పి చూడలేదు. ఎడమపక్క, గుండె తగిలేచోట, చిరుగుకి రఫ్ఫు చేసి ఉంది. పోగు పక్కన పోగు అల్లి చిరుగన్నదే కనపడకుండా పూడ్చడం. అదీ ఎలా ఉందనుకున్నావు? వేలితో తడిమితేగాని తెలియదు. దారం రంగు కలవకపోతే అస్తరు మడతలోంచే పోగులు లాగి వాడారు. ఎక్కడా ముడి లేదు.

ఆ కుట్టు నాది కాదు.

నేను కూలికీ కుట్టాను, ఇష్టానికీ కుట్టాను. చేతికి రెండిటికీ తేడా తెలుస్తుంది. ఇది ఎవరో తీరిగ్గా కూర్చుని, ఇష్టపడి కుట్టినది. నాకంటే బాగా కుట్టింది. అదే ఎక్కువ మండింది. "ముట్టుకోకు" అని ఎందుకన్నారో అప్పుడు అర్థమైంది. ఏళ్ళ తరబడి కొండలంట తిరిగిన మనిషి. ఎక్కడ ఏ ఊళ్ళో ఎవరు దొరికారో నాకేం తెలుసు? ఆయన ఏదో దాచారు చిట్టీ. అడగడానికి మనిషి లేకుండా పోయాక తెలిసింది.

కాలరు లోపలి నంబరు ఈ ఉత్తరం వెనక రాశాను. పతకం అంచు మీదిది కూడా. అరిగింది గాని చదవడానికి వస్తోంది. నీ మేడమ్‌కి చెప్పు.

వదిన

అక్టోబరు 21

వదినకు,

నవ్వాను. అబద్ధం ఎందుకు, పొయ్యి దగ్గర నిలబడి చదివి గట్టిగానే నవ్వాను. తర్వాత ఏడుపొచ్చింది. అన్నయ్య పక్కన ఇంకొకావిణ్ణి ఊహించడానికి నాకు చేతకాలేదు. అద్దె ఇల్లు చూడటానికి వెళితే వాకిట్లో ఇంటావిడ ఒక్కతే ఉందని తిరిగొచ్చేసిన మనిషి కదా.

వెనక్కి తిప్పి నంబర్లు చూశాక నవ్వు ఆగిపోయింది. రెండూ ఒకటి కావు. ఏదో ఒక అంకె తేడా పడితే నీ కళ్ళజోడుని అనేదాన్ని. మొత్తానికి మొత్తం వేరు. బట్టల మేడమ్‌ని అడిగాను. మనిషికి ఒకటే నంబరు, బతికున్నంతకాలం అదే అంది. పతకం మీదిది అన్నయ్యదే, పింఛను కాగితం మీద ఉన్నది అదే. అంటే కోటు అన్నయ్యది కాదు.

ఇది ఎలా వచ్చిందో తేలేదాకా ఎవరి దగ్గరా అనకు. పక్కింటావిడ దగ్గర అసలు అనకు. 'ఏదో దాచారు' అని రాశావు. ఆ మాట నాకు గుచ్చుకుంది. మా అన్నయ్య పరాయి వస్తువు ముట్టే మనిషి కాదు. చిన్నప్పుడు సంతలో దొరికిన గొడుగు పట్టుకుని, ఎవరిదో తెలిసేదాకా వానలో తడుస్తూ తిరిగాడు. గొడుగు చేతిలో ఉంది, వేసుకోలేదు. అలాంటివాణ్ణి దొంగ అంటే నేను ఒప్పుకోను, ఎవరన్నా సరే.

ఇక్కడ మాజీ సైనికుల సంఘం ఉంది. అన్నయ్య దళంలో బ్యాండు వాయించిన పెద్దాయన ఒకరు అక్కడికి పేకాటకి వస్తారట. వెళ్ళి కలుస్తాను.

చిట్టి

అక్టోబరు 28

చిట్టీ,

దొంగ అని నేనెప్పుడన్నాను? నా ఉత్తరం నీ దగ్గరే ఉందిగా, మళ్ళీ చదువు. దాచారన్నాను. మగవాళ్ళు దాచేది నువ్వు అనుకున్నదొకటే కాదు.

సరే. సవతి పోయింది, దొంగ వచ్చాడు. నాకు దొంగే నయం. రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఆ రోజు గుర్తు తెచ్చుకుంటే ఇప్పుడు కొన్ని తోస్తున్నాయి. ఆసుపత్రి నుంచి కర్ర పట్టుకుని, ఆ కోటు తొడుక్కుని వచ్చారు. మంచంలో కూర్చోబెట్టి కోటు విప్పబోతే నా చెయ్యి తీసేసి తనే విప్పుకుని మేకుకి తగిలించారు. తగిలించి, దాని వైపే చూస్తూ చాలాసేపు ఉండిపోయారు. ఒంట్లో బాగాలేక అనుకున్నాను. ఏటా చలికాలం ముందు తనే ఎండకు పెట్టేవారు. మడత కూడా నన్ను పెట్టనిచ్చేవారు కాదు. సొంత కోటుని ఎవరైనా అలా చూసుకుంటారా? ఇంకొకరి వస్తువైతేనే అంత భద్రంగా చూస్తాం.

పెద్దాయన్ని త్వరగా కలువు. మీ ఆయన సైకిలు చైనుకి మళ్ళీ నూనె కావాలంటే రాయి, పంపుతాను.

వదిన

నవంబరు 9

వదినకు,

కూర్చుని చదువు. మిషను మీద గుడ్డ పెట్టుకుని చదవకు.

డ్రమ్ము తాతయ్యని కలిశాను. అక్కడ అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. నన్ను చూసి, పేక ముక్కలు కింద పెట్టి, "నువ్వు నిచ్చెన చెల్లెలివా? అదే ముక్కు," అన్నారు. దళంలో అన్నయ్యని అందరూ నిచ్చెన అనేవారట. మనకి ఎప్పుడైనా చెప్పాడా?

కోటు నంబరు చూపించాను. ఆయనకి నంబరు గుర్తులేదు. "చేతులు కురచగా ఉంటాయా?" అని అడిగారు. అవునన్నాను. "అయితే అది బొంగరంగాడిది," అన్నారు.

బొంగరం అంటే అన్నయ్యతో ఒకే గుడారంలో ఉన్న మనిషి. పొట్టిగా, గుండ్రంగా, ఒకచోట నిలవకుండా తిరుగుతుండేవాడట. ఒక పొద్దున ఇద్దరూ నీళ్ళకోసం వాగుకి దిగారు. పైన గడ్డకట్టిన మంచు పొర అన్నయ్య బరువుకి పగిలింది. లోపలికి జారి, బండల మధ్య కాలు విరిగింది. బొంగరం నీళ్ళలోకి దిగి లాక్కొచ్చాడు. అన్నయ్య కోటు తడిసి, చూస్తుండగానే అట్టలా బిగుసుకుపోయిందట. దాన్ని ఒలిచినట్టు ఊడదీసి, తన పొడికోటు విప్పి అన్నయ్యకి తొడిగాడు.

"వద్దురా అన్నాడమ్మా మీ అన్న. వాడేమో, నాకు ఒంటినిండా కొవ్వుంది, చలి లోపలికి దారి వెతుక్కునేసరికి మనం డేరాలో ఉంటాం అన్నాడు," అని చెప్పి తాతయ్య నవ్వారు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు.

అన్నయ్యని డోలీలో కిందికి పంపేశారు. బొంగరం తడి బూట్లతో, గోనెపట్టా కప్పుకుని పైకి నడిచాడు. కాలివేళ్ళు రెండు తీసేయాల్సి వచ్చింది. అన్నయ్యకి ఆ సంగతి ఆసుపత్రిలో తెలిసిందట. అదే వారం మంచుచరియ కింద ఇంకో ఇద్దరు పోయారు. తర్వాత దళాన్ని ఎటో మార్చేశారు. "ఆ కొండ మాట మేమెవ్వరం ఇంటికి మోసుకెళ్ళలేదమ్మా. మీ అన్నొక్కడే కాదు," అన్నారు తాతయ్య.

బొంగరం కిందటేడు పోయాడు. ఆయన భార్య కూతురి దగ్గర ఉంటోంది. ఆ ఊరి నుంచి మీ ఊరికి నేరుగా బస్సు ఉంది. అడ్రసు ఈ ఉత్తరంతో పంపుతున్నాను.

ఇప్పుడు ఒక మాట అడుగుతాను, కోప్పడకు. పలక అచ్చయిపోయింది. చుట్టాలు టిక్కెట్లు కొనుక్కున్నారు. కోటు కొండ మీంచి వచ్చింది అన్నయ్య ఒంటి మీదే కదా. తర్వాత వేసుకున్నదీ, ఎండబెట్టుకున్నదీ అన్నయ్యే. ఉన్నది ఉన్నట్టు బీరువాలో పెడితే ఎవరికి నష్టం? కాలరు లోపల ఏ నంబరుందో గాజులోంచి ఎవరికి కనపడుతుంది?

చిట్టి

నవంబరు 15

చిట్టీ,

నీ ఉత్తరం చదివి మిషను ఆపేశాను. చీకటి పడ్డా దీపం కూడా వేసుకోలేదు.

ఇంత జరిగితే నాతో ఒక్క ముక్క అనలేదు. కాలు ఎలా విరిగిందండీ అంటే జారిపడ్డాను అన్నారు. నిజమే చెప్పారు. మిగతాదంతా మింగేశారు.

నువ్వు అడిగినదానికి జవాబు. నేను బతుకంతా ఇతరుల బట్టలు కుట్టినదాన్ని. పొరపాటున ఒకరి జాకెట్టు ఇంకొకరి సంచిలోకి వెళితే ఎండలో పరుగెత్తి మార్చుకొచ్చిన రోజులున్నాయి. ఆవిడ అడగలేదు కదా, సరిపోయింది కదా అని ఎప్పుడూ ఊరుకోలేదు. ఇప్పుడు ఆయన పేరు పెట్టుకుని ఊరుకుంటే, ఇన్నేళ్ళూ ఆ చేతులు నన్ను ముట్టుకోనివ్వకుండా ఆయన కాపాడింది దేనికి? గాజులోంచి నంబరు ఎవరికీ కనపడదన్నావు. నాకు కనపడుతుంది. వానలో గొడుగు ముడిచి పట్టుకుని తిరిగినవాడి చెల్లెలివి, నీకూ కనపడుతుంది.

నాకు మాత్రం కష్టంగా లేదనుకోకు. ఆయన పోయాక చలికాలంలో ఆ కోటు కాళ్ళ మీద వేసుకుని కూర్చునేదాన్ని. ఆయన వాసన వస్తోందనుకునేదాన్ని.

బొంగరం గారి భార్యకి ఉత్తరం రాశాను. కోటు ఉంది, వచ్చి తీసుకెళ్ళమని. తడిసిన మీ అన్నయ్య కోటు వాళ్ళ దగ్గరే ఉండిపోయి ఉంటుందని నా ఆశ. ఉందా అని అడగలేదు. అడిగితే ఇచ్చిపుచ్చుకోవడంలా ఉంటుందని.

వదిన

నవంబరు 24

వదినకు,

మూడు రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. నాలుగోనాడు మా ఆయన, "మీ వదిన రాసినదాంట్లో తప్పేముందో చెప్పు, నేనూ కోప్పడతాను," అన్నారు. వెతికాను. దొరకలేదు.

బట్టల మేడమ్‌కి ఉన్నదంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. పలక తీసి చెత్తబుట్టలో వేసి, "మంచిదే, అక్షరాలు కూడా చిన్నగా పడ్డాయి," అంది. బొంగరం గారి భార్య ఒప్పుకుంటే ఆయన పేరుతో ఆ కోటు, పక్కన అన్నయ్య పేరుతో పతకాలు పెడతామంటోంది. జరిగినది రెండు మాటల్లో రాసి పెడతారు. ఆవిడ వచ్చినప్పుడు నెమ్మదిగా అడిగి చూడు. బలవంతం లేదు.

చుట్టాలు ఎలాగూ వస్తున్నారు. వాళ్ళకి ఏం చెప్పాలో నేను చూసుకుంటాను.

చిట్టి

డిసెంబరు 12

చిట్టీ,

వాళ్ళు వచ్చి వెళ్ళారు. మరిచిపోకముందే రాయాలని కూర్చున్నాను. పొద్దున ఇవ్వాల్సిన కుట్టుపని పక్కన పెట్టాను. తిట్టేవాళ్ళు తిట్టుకోనీ.

ఆవిడా బొంగరమే. నా భుజం దాకా వస్తుంది. కూతురు పోస్టాఫీసులో పనిచేస్తుందట, నెమ్మదైన పిల్ల, తెచ్చిన సంచి ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది. నీ కాగితాల మడతలు విప్పి కోటు మంచం మీద పరిచాను. తొడుగులు వేసుకోండి అని చెబుదామనుకున్నాను. ఆవిడ అప్పటికే రెండు చేతులూ జేబుల్లో పెట్టేసింది. లోపల ఏమీ లేదు. అయినా చాలాసేపు తియ్యలేదు.

నేను అడగకుండానే చెప్పింది. "మీ ఆయన కోటు మా ఇంటికి వచ్చిందమ్మా. మా ఆయనకి మడమల దాకా ఉండేది. నేల ఊడుస్తూ తిరిగేవాడు. పిల్లలకి చలికాలం వేయడానికి ఏమీ లేనప్పుడు కత్తిరించేశాం. మీరు దాన్ని ఇంత జాగ్రత్త చేశారని తెలిస్తే..." అని ఆగిపోయింది.

నా ఆశ అక్కడే పోయింది. పోతే పోయిందిగాని, ఆ మొహం చూడలేక ఏం అడగాలో తోచక, ఎన్ని కోట్లు వచ్చాయి అని అడిగాను. మూడు అంది. మూడెలా వస్తాయి, ఎంత పొడుగైనా రెండే కదా అన్నాను. వెనక భాగాన్ని నిలువుగా కోసి ఒకటి, ముందు పలకలు రెండూ కలిపి ఒకటి, చేతుల్నీ జేబుల్నీ అతికి చంటిదానికి ఒకటి అని కూతురు చెప్పింది. ఆ చంటిది తనే. బళ్ళో అందరికంటే వెచ్చగా ఉండేదాన్ని అంది. నేను ఎన్ని వందల కోట్లు కత్తిరించానో, ఆ మూడోది నాకు తట్టేది కాదు.

"మీ చేతికి మంచి పనితనం ఉందమ్మా, ఈ రఫ్ఫు చూసినప్పుడే అనుకున్నాను," అని అస్తరు తిప్పి చూపించాను. ఆవిడ తెల్లబోయింది. "నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. కుట్టుపనంతా మా ఆయనదే. దర్జీల ఇంట పుట్టాడు. ఆ మూడు కోట్లూ ఆయనే కుట్టాడు," అంది. విన్నావా? ఒక నెలంతా నన్ను దహించిన ఆ సవతి ఇదీ. పొట్టిగా, గుండ్రంగా, మీసాలతో. ఇద్దరికీ చెప్పేశాను, ఇలా అనుకున్నానని. ఆవిడ మంచం పట్టె పట్టుకుని నవ్వింది.

తర్వాత మ్యూజియం మాట ఎత్తాను. పేరు రాసి పెడతారు, గాజులో పది కాలాలు ఉంటుంది అని నువ్వు చెప్పమన్నట్టే చెప్పాను. ఆవిడ ఆలోచించింది. "మంచి మాటేనమ్మా. ఆయన పేరు రాస్తామంటే రాయమనండి, సంతోషం. కోటు మాత్రం నాకు కావాలి. పొద్దున బస్సులో ఎంత చలేసిందో," అని లేచి తొడుక్కుంది. ఉన్ని నలుగుతుంది, గుండీల దారాలు పాతవి అని నా నోటిదాకా వచ్చింది. గుండీలన్నీ పెట్టుకుంది. చేతులు మణికట్టు దగ్గర సరిగ్గా ఆగాయి. నా కళ్ళకి దిద్దాల్సింది ఏమీ కనపడలేదు, చిట్టీ. నీ మేడమ్‌కి నువ్వే సర్దిచెప్పు.

బస్సు వేళయిందని కూతురు ముందు లేచింది. సంచి తీసుకుని వీధిలోకి వెళ్ళింది. చలిగాలి ఒక్కసారిగా లోపలికి కొట్టింది. ఆవిడ వెనక నుంచి, అలవాటుగా, అరిచింది:

"ఆ తలుపు మా నాన్నొచ్చి వేస్తాడా?"

అది నా మాట. కాపురానికి వచ్చిన కొత్తలో, మీ అన్నయ్య ప్రతిసారీ తలుపు బార్లా తీసి వెళ్ళిపోతుంటే విసిగి అన్న మాట.

"ఆ మాట మీకు ఎక్కడిది?" అని అడిగాను.

"మా ఇంట్లో అందరం అనేదేనమ్మా. మా ఆయన కొండ మీంచి తెచ్చాడు. అక్కడ డేరా తెర వెయ్యకుండా ఎవడు బయటికి పోయినా అందరూ కలిసి ఇలా అరిచేవాళ్ళట. ఎవరో ఒకాయన వాళ్ళావిడ తిట్లన్నీ రోజూ చెప్పి నవ్వించేవాడట. వాళ్ళావిడ గొంతుతో సహా."

"వాళ్ళావిణ్ణి నేనేనమ్మా," అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసింది. మెల్లగా కుర్చీ లాక్కుని, కోటుతోనే మళ్ళీ కూర్చుంది. కూతురు తిరిగొచ్చి బస్సు వస్తోందమ్మా అంటే, "పోనీ, ఇంకోటి లేదా?" అంది.

ఆ కొండ మాట ఒక్కటి కూడా ఆయన నాకు తెచ్చి చెప్పలేదని నీకు రాశాను. నా మాటలన్నీ మాత్రం మోసుకుపోయి ఆ మంచులో పంచిపెట్టారు. ఇంట్లో నోరు తెరిస్తే ముత్యాలు రాలతాయన్నట్టుండే మనిషి, అక్కడ నా గొంతు పెట్టి అరిచేవారట. నువ్వు నమ్మగలవా?

చీకటిపడే దాకా ఉన్నారు. పొయ్యి మీద రెండోసారి టీ పెట్టాను. పతకాలు పట్టుకుని పై వారం నేనే వస్తాను. తోమలేదు. బొంగరం గారి పేరు రాయడానికి బట్టల మేడమ్‌ని చోటు ఉంచమను. ఇంకా ఏమేం తెచ్చాడమ్మా మీ ఆయన అని ఒక్కొక్కటే అడుగుతూ కూర్చున్నాను. ఆవిడ కూడా వేళ్ళు మడుచుకుంటూ, నా తిట్లన్నీ వరసగా నాకు అప్పజెప్పింది. వాటిలో కొన్ని నేనే మరిచిపోయాను.

నీ వదిన